నుదుటి నుంచి దిగిన పుట్టుమచ్చ

2024 వేసవి. రాజమండ్రిలో మా ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ వార్డు. అక్కడ నేను హెడ్ నర్సుని, పేరు కరుణ. ప్లాస్టిక్ సర్జరీ అనగానే జనానికి సినిమావాళ్ళ ముక్కులే గుర్తొస్తాయి. ఏ పెళ్ళికెళ్ళినా ఎవరో ఒకరు నన్ను పక్కకి లాగి, "మా అమ్మాయి ముక్కు కాస్త సన్నం చేయిస్తావా కరుణా?" అని అడుగుతారు. వాళ్ళకేం తెలుసు! మా వార్డుకి వచ్చేవి కాలిన చేతులు, ఐసు ఫ్యాక్టరీ బెల్టులో నలిగిన వేళ్ళు, బండి మీంచి పడి రోడ్డుకి రాసుకుపోయిన ముఖాలు.

సుజాత అలా వచ్చిన మనిషే. సామర్లకోట దగ్గర ఓ చిన్న ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త బండి వెనక కూర్చుని వెళ్తుంటే చీర కొంగు చక్రంలో చుట్టుకుంది. ముక్కు కింది సగం పోయింది, ఎడమ బుగ్గ మీద చర్మం లేచిపోయింది. తెలివి రాగానే ఆవిడ అడిగింది అద్దం కాదు. "సిస్టర్ గారూ, పరీక్ష తేదీ ఏమైనా ఇచ్చారాండి?"

ప్రభుత్వ టీచరు ఉద్యోగానికి అప్పటికే దరఖాస్తు పెట్టేసింది. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, ఇక రాయడానికే వీల్లేదు. ఆ పరీక్ష ఎప్పటికప్పుడు వాయిదా పడుతోందని అందరూ తిట్టుకుంటున్నారు. నేను మాత్రం ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని, "ప్రభువా, ఇంకొక్క ఆరు నెలలు వాయిదా వేయించు" అని వేడుకున్నాను. ఆ మాట పక్కవాళ్ళకి వినపడి ఉంటే చర్చిలోనే కొట్టేవారు.

ముక్కు పోయినవాళ్ళకి మా డాక్టరు గారు చేసేది ఫోర్‌హెడ్ ఫ్లాప్. అంటే నుదుటి మీంచి ఓ చర్మం ముక్కని లేపి, కనుబొమ్మ దగ్గర మాత్రం అతికి ఉంచి, కిందికి తిప్పి ముక్కు మీద కుడతారు. అది అక్కడ నాటుకునేదాకా మూడు వారాలు ముఖం మీద ఓ తొండం వేలాడినట్టే ఉంటుంది. చాలామంది దుప్పటి ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటారు. సుజాత అలా కాదు. "వినాయక చవితికి నన్నే కూర్చోబెట్టేయండి, బొమ్మ ఖర్చు మిగుల్తుంది" అనేది. నవ్వితే కుట్లు లాగుతాయే తల్లీ అని నేను కసురుకోవడం, ఆవిడ ఇంకా నవ్వడం. గైడు పుస్తకాన్ని చేతులు చాచి పైకి పట్టుకుని, ఆ తొండం పక్కనుంచి చూస్తూ చదివేది. ఆ మూడు వారాల్లో ఆవిడ మీద నాకు ఎంత గౌరవం పెరిగిందో చెప్పలేను.

ప్రతి దశలోనూ పేషెంటు ఫొటోలు తీయడం నా పని. ఎదురుగా ఒకటి, రెండు పక్కలా చెరొకటి, వెనక నీలం గుడ్డ. సుజాతవి కూడా మొదటి రోజు నుంచీ ఉన్నాయి.

దసరా అయ్యాక చెకప్‌కి వచ్చినప్పుడు ఫోను తీసి చూపించింది. "చూడండి, నా ఫోనే నన్ను గుర్తుపట్టట్లేదు."

"నంబరు కొట్టి తెరుచుకో. దానికీ ఇంత బాధేంటి?" అన్నాను. మాస్కు పెట్టుకుంటే చాలు, తెరుచుకోని ఫోనే కదా అనుకున్నాను. ముఖాన్ని పోల్చే యంత్రాలు కళ్ళ మధ్య ఎడం, ముక్కు పొడవు, బుగ్గ ఎముక వంపు లాంటి కొలతలు చూస్తాయని నాకూ తెలుసు. ఆ కొలతలు మార్చింది మా చేతులేనని మాత్రం నాకు తట్టలేదు. ఈ రోజుకీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చివరికి మిగిలింది చిన్న పని. ఆవిడ నుదుటి మీద ఓ పుట్టుమచ్చ ఉండేది, కందిగింజంత. చర్మంతో పాటు అదీ కిందికి దిగి ముక్కు కొన మీద కూర్చుంది. బాగోలేదు, తీసేద్దామన్నారు డాక్టరు గారు. నేనూ సరేనన్నాను. అప్పటికి పరీక్ష తేదీ కూడా వచ్చేసింది.

కత్తి పట్టేముందు పేషెంటు పేరు, ఊరు, గుర్తింపు మచ్చలు కేస్ షీటులోంచి పైకి చదివి సరిచూడటం మా పద్ధతి. పోయినసారి చదివింది వేరే సిస్టరు. ఆ రోజు నేను చదివాను. "పుట్టుమచ్చ, నుదుటి మీద." తలెత్తి చూస్తే మచ్చ ముక్కు మీద ఉంది. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే సుజాతని గుర్తుపట్టని ఫోను గుర్తొచ్చింది.

"సుజాతా, నీ టెన్త్ సర్టిఫికెట్లో మచ్చలు ఎక్కడున్నాయని రాశారమ్మా?"

"నుదుటి మీద ఒకటి, ఎడమ బుగ్గ మీద ఒకటండి. ఏంటి సిస్టర్ గారూ?"

మన బళ్ళలో మచ్చలు ఎలా రాస్తారో తెలిసిందే కదా. పిల్లల్ని వరసలో నిలబెట్టి, పైకి కనిపించిన రెండు రాసేస్తారు. కనపడకపోతే ముందువాడివే ఇంకోసారి రాసేస్తారు. సుజాతవి రెండూ ముఖం మీదివే. బుగ్గ మీది మచ్చని రోడ్డు తీసుకుపోయింది. మిగిలిన ఒక్కదాన్నీ ఇప్పుడు మేం తీసి బకెట్లో వెయ్యబోతున్నాం.

"ఆగండి సార్!" అని అరిచాను. ఆపరేషన్ థియేటర్లో డాక్టరు మీద అలా అరవడం నా సర్వీసులో అదే మొదలు. ఆయన చిరాగ్గా చూశారు. "పరీక్ష హాలు దగ్గర కెమెరా యంత్రం దరఖాస్తులోని పాత ఫొటోతో పోల్చి ఈవిడ ముఖాన్ని ఒప్పుకోకపోతే, ఈవిడే సుజాత అని చెప్పడానికి కాగితంలో ఉన్నది ఆ మచ్చొక్కటేనండి" అన్నాను. ఆయన వంగి ఆ మచ్చని చూశారు. తరవాత కత్తి ట్రేలో పెట్టేశారు. ఓ నర్సు మాటకి చేతిలో కత్తి కింద పెట్టే సర్జన్లు ఎంతమంది ఉంటారు? ఆ రోజు సాయంత్రం ఆయనే కూర్చుని ఉత్తరం రాశారు. ఏ చర్మం ఎక్కణ్ణించి ఎక్కడికి వచ్చిందో, దానితో మచ్చ ఎలా దిగిందో గీత గీసి మరీ చూపించారు. నేను నా ఫొటోలు వరసగా అంటించి, ఒక్కోదాని కింద తేదీ వేసి సంతకం పెట్టాను.

పరీక్ష కేంద్రం భీమవరంలో ఓ ఇంజినీరింగ్ కాలేజీ. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. "మీకెందుకండీ శ్రమ" అంటే, "నోరు మూసుకుని హాల్ టికెట్ చూసుకో" అన్నాను. దారిలో ఆ ఉత్తరం, ఫొటోలు ఉన్న ఫైలు నేనే నాలుగుసార్లు విప్పి చూశాను.

గేటు బయట నుంచి కెమెరా బల్ల కనిపిస్తోంది. మూడుసార్లు నిలబెట్టారు, మూడుసార్లూ ఎర్ర లైటే. గేటు మూయడానికి పావుగంట ఉంది. సుజాత ఫైలు తీసి ఇచ్చింది. అక్కడి అధికారి ఒక పెద్దావిడ. సర్టిఫికెట్ చూసి, నుదురు చూసి, ఫైలు పట్టుకుని సుజాతని గేటు దాకా తీసుకొచ్చారు.

"నుదుటి మీద మచ్చ అని ఉంది. ఏదమ్మా?"

సుజాత ముక్కు మీద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడికి దిగిందండి."

"ఈ సంతకాలు పెట్టిన సిస్టరెవరు?"

"నేనేనండి" అన్నాను. రెండు చేతులూ జోడించాను. "ఆ మచ్చని ఊడదీయకుండా ఆపింది కూడా నేనేనండి. మీకు దణ్ణం పెడతాను, రాయనివ్వండి."

ఆవిడ మొదటి ఫొటోలో నుదుటి మచ్చని, ఎదురుగా ముక్కు మీది మచ్చని కళ్ళజోడు సర్దుకుంటూ చూశారు. దాన్ని ఆనుకుని రెండు చుక్కలున్నాయి, రెండుచోట్లా ఒకేలా. "హామీ పత్రం రాసి సంతకం పెట్టి వెళ్ళమ్మా. టైమైపోతోంది" అన్నారు. గేటు మూసేసరికి సుజాత లోపల ఉంది. నేను బయట కొబ్బరిబొండాల బండి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆ అధికారి పేరైనా అడగలేదు. రోజూ ప్రార్థనలో ఆవిణ్ణి "ఆ తల్లి" అనే తలుచుకుంటాను.

అప్పటి నుంచీ మా వార్డులో ఓ మార్పు వచ్చింది. ముఖం మీద కత్తి పెట్టేముందు, "మీ ముఖం ఏయే కాగితాల్లో ఉంది? మచ్చలు ఎక్కడ రాయించారు?" అని అడుగుతాం. ఇంటికి పంపేటప్పుడు ఫొటోలతో ఉత్తరం ఇస్తాం. కుట్లు విప్పితే మా పని అయిపోయిందని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. బయట ప్రపంచం ఆ మనిషిని ఫలానా అని ఒప్పుకునేదాకా అది అవ్వదని నేర్పింది సుజాతే.

పోయిన నెల కాజాల డబ్బాతో వచ్చింది. ఇప్పుడు పిఠాపురం దగ్గర సర్కారు బడిలో టీచరు. ముఖం చూసి హాజరు వేసే యాప్‌లో కొత్త ముఖమే ఎక్కించారట, రోజూ ఒక్కసారికే ఒప్పుకుంటోందట. "సరే, ఇక ఆ మచ్చ తీయించేసుకో. పది నిమిషాల పని" అన్నాను.

ఆవిడ బ్యాగులోంచి ఓ కాగితం తీసింది. రెండో తరగతి పిల్ల గీసిన టీచరు బొమ్మ. చేతులు పుల్లలు, జడ ఓ గీత, కళ్ళు కూడా పెట్టలేదు. ముక్కు మీద మాత్రం, కాగితానికి చిల్లు పడేంత గట్టిగా నొక్కి, ఓ నల్లచుక్క.

"ఎలా తీయించుకోనండి?" అంది.