పిన్ని పొడిచిన టేపు

మా పిన్ని ఆఫీసుకు బయల్దేరి, వీధి చివరిదాకా వెళ్ళి, తాళం వేశానో లేదోనని వెనక్కి రాని రోజు లేదు. తాళం లాగి చూసి, మళ్ళీ వీధి చివరికి వెళ్ళి, స్టవ్వు కట్టేశానా అని అక్కడే నిలబడిపోయేది. "ఆ కంగారేదో నాకిచ్చి వెళ్ళు పిన్నీ, ఇంట్లో కూచుని నేను పడతాను," అని ఏడిపించేదాన్ని. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే, అందుకే ఆ చనువు.

ఉద్యోగం కూడా ఆ కంగారుకు తగినదే దొరికింది. పరీక్షల బోర్డులో, బీరువా అంత ఉండే లైన్ ప్రింటరుకు టేపులు చేయడం. ఆ మిషను వరుసంతా ఒక్క దెబ్బలో అచ్చేస్తుంది కానీ, కాగితాన్ని ఎంత జరిపి ఎక్కడ ఆపాలో దానికి తెలియదు. రెండు వేళ్ళ వెడల్పున్న టేపుకు చిల్లులు పొడిచి, కొసలు అంటించి, చుట్టలా లోపల తగిలిస్తే, అది కాగితంతో పాటు తిరుగుతూ చిల్లు వచ్చిన చోట కాగితాన్ని ఆపుతుంది. ఫలితాల చీటీలో పై గీత మీద 'ఉత్తీర్ణత' అనీ, కింది గీత మీద 'అనుత్తీర్ణత' అనీ ముందే అచ్చయి ఉంటాయి. పాసైనవాళ్ళకు ఒక చిల్లు దగ్గరా, తప్పినవాళ్ళకు ఇంకో చిల్లు దగ్గరా కాగితం ఆగి, చుక్క గుర్తు పడుతుంది. చీటీ చిన్నది కనుక ఒకే చుట్టలో రెండు చీటీలకు చిల్లులుండేవి. పొడిచిన ప్రతి టేపునూ పిన్ని కిటికీ వెలుగుకు పెట్టి, ఖాళీ చీటీ పక్కన ఆనించి, రెండేసిసార్లు సరిచూసుకునేది.

నేను రాస్తున్నది నర్సింగు ప్రవేశ పరీక్ష. మూడుసార్లకు మించి రాయనివ్వరు. మొదటిసారి తప్పాను. రెండోసారి ఫలితాలు అచ్చేసే రోజు పొద్దున మా ఇద్దరికీ ముద్ద దిగలేదు.

మధ్యాహ్నం పిన్ని కింది వాటావాళ్ళ ఇంటికి ఫోన్ చేసింది. "పాసయ్యావే తల్లీ! ఇంకా బయటికి రాలేదు, ఎవరితోనూ అనకు," అంది. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. వీధంతా చెప్పేశాను.

సాయంత్రం పిన్ని వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"నువ్వు తప్పావే."

"వేళాకోళమా?"

సంచీలోంచి టేపు తీసి నా చేతిలో పెట్టింది. అచ్చయిన చీటీలు విడదీస్తుంటే, ఒకటి విడిచి ఒకటి ప్రతి చీటీలోనూ పాసైనట్టే కనిపించిందట. మిషను ఆపించి చూస్తే, రెండో చీటీకి పొడిచిన రెండు చిల్లులూ పై గీత మీదే ఉన్నాయి. ఆ చీటీ ఎవరికొచ్చినా పాసే. కొత్త టేపుతో మొత్తం మళ్ళీ అచ్చేస్తే నా చుక్క కిందికి దిగింది.

"ప్రతిదీ రెండుసార్లు చూస్తావు కదా, దీన్ని చూడలేదా?"

"చూశాననే అనుకున్నానే. నీ ధ్యాసలో ఉన్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఊరుకుంటే నీ సొమ్మేం పోయింది? ఎవరు చూడొచ్చారు?"

"నాకూ అలాగే అనిపించింది. టేపు పట్టుకుని కాసేపు కదలకుండా కూచున్నా." అప్పుడు చెప్పులు విప్పింది. "ఊరుకుంటే ఇంక జన్మలో ఏ తాళమూ పడినట్టనిపించదు నాకు."

నేను చాలా రోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. వీధిలో ముఖం చూపించలేక గదిలో కూచుని చదివాను. కోపంతోనే చదివాను.

మూడోసారి ఫలితం అందరికీ వచ్చినట్టే పోస్టులో వచ్చింది. చుక్క పై గీత మీద ఉంది. నా కేకకు పిన్ని వంటింట్లోంచి పరుగున వచ్చి, చీటీ లాక్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. చూసినకొద్దీ ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఈసారి టేపు నేను చేయలేదే. నువ్వు రాస్తున్నావని నన్ను పక్కన పెట్టమన్నాను."

నువ్వు చేయలేదు కనక సరిగ్గానే ఉంటుంది అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఆవిడ చీటీని మళ్ళీ వెలుగుకు ఎత్తి పట్టుకోవడం చూసి మింగేశాను. "పద, వెళ్ళి చూద్దాం," అన్నాను.

ప్రింటరు గదిలో వాడేసిన టేపులు మేకులకు వేలాడుతున్నాయి. మా పరీక్షది వెతికి తీసింది కానీ, కిటికీ వైపు వెళ్ళలేదు. నాకే ఇచ్చింది.

"నువ్వు చూడు. నా కళ్ళను నమ్మలేను."

వెలుగుకు పెట్టాను. మొదటి చీటీకి రెండు చిల్లులు, రెండు గీతల మీద. రెండో చీటీకి కూడా ఒకటి పైన, ఒకటి కింద. చెబుదామని నోరు తెరిచి, మూసుకుని, మళ్ళీ మొదటినుంచీ చూశాను.

"సరిగ్గానే ఉంది పిన్నీ."

"రెండోసారి చూశావా?"

"చూశాను."

పిన్ని అక్కడున్న స్టూలు మీద కూలబడి, కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. "అయితే పాసయ్యావే తల్లీ," అంది.