సాలమ్మ పంతులమ్మ పోసిన సముద్రం

సాలమ్మ సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. ఆమె చూసిన పెద్ద నీళ్లు కృష్ణ ఒక్కటే, అదీ ఎండాకాలంలో బండల మధ్య సన్నగా పారుతుండగా. అయినా 1938లో ఆత్మకూర్ పక్క ఊరి మిషన్ బడిలో, ఐదేళ్ల పిల్లలకు సముద్రపు ఒడ్డు పాఠం చెప్పే పని ఆమె మీదే పడింది. పాలమూరులో రెండు నెలలు తర్ఫీదు ఇచ్చిన దొరసాని ఒక రంగుల బొమ్మ చేతికిచ్చి, పిల్లలు ఇసుకలో ఆడుతూ నేర్చుకోవాలని చెప్పి పంపింది.

చిన్నపిల్లల తరగతి కొత్తది. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సరేనంటేనే సాగుతుంది. కాదంటే సాలమ్మ మళ్లీ కలుపు తీసే కూలికి పోవాలి.

"ఇసుకల ఆడిపిచ్చేటందుకు జీతమా? ఆడుకుంట నేను గూడ కూసుంట, నాకియ్యమను" అంది అత్త బాలనర్సమ్మ. అంటూనే వాగు నుంచి నాలుగు గంపల ఇసుక మోసుకొచ్చింది.

తనిఖీ రోజు పొద్దున్నే సాలమ్మ గచ్చు మీద మూలకు రాళ్లు పేర్చి ఇసుక పోసింది. చెరువులో ఏరిన నత్తగుల్లలు పరిచింది. రెండు కడవల నీళ్లలో దోసెడు ఉప్పు, చిటికెడు నీలిమందు కలిపింది. బొమ్మలో నీళ్లు ఇసుక మీదే ఉన్నాయి కనుక తొట్టి ఎందుకనుకుని, ఇసుక మీదే కుమ్మరించింది.

ఎర్రటి ఎండలో గుర్రం దిగి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌కు తడి ఇసుక తప్ప ఏమీ కనిపించలేదు.

"సముద్రం పాఠం అన్నరు. సముద్రం ఏది?"

సాలమ్మ ఖాళీ కడవల వైపు చూసింది. పిల్లలకు మాత్రం ఇందులో వింతేమీ లేదు. వాగు ఎండితే నీళ్లు ఎక్కడుంటాయో వాళ్లకు నడక రాకముందే తెలుసు.

"కిందికి పోయింది సారు. జర ఆగు, చెలిమె తీస్తం" అంది పిల్లల్లోంచి గుర్వమ్మ.

పదిమంది చేతులతో తవ్వారు. గుంటలోకి నీళ్లు ఊరాయి. ఎండన పడి వచ్చిన మనిషికి ముందు నీళ్లివ్వాలని ఇంట్లో నేర్చిన గుర్వమ్మ, చిప్పతో ముంచి రెండు చేతులా అందించింది. సాలమ్మ "వద్దు సారూ" అనేలోపే ఆయన గుక్కెడు తాగేశాడు.

బయటికి పరుగెత్తి ఉమ్మి వచ్చాడు. తెల్లమీసం నీలంగా మారింది. సాలమ్మకు కలుపు చేను కళ్ల ముందు కనిపించింది.

"ఏం నీళ్లివి?"

"సముద్రం సారు. ఉప్పగనే ఉంటదట, పంతులమ్మ చెప్పింది. దాన్ని తాగొద్దు."

"మరి నాకెందుకు ఇచ్చినవ్?"

"పెద్దోనివి గద, నీకెరికే అనుకున్న."

ఇన్‌స్పెక్టర్ మీసం తుడుచుకుంటూ సాలమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చూసినవా సముద్రం?"

"లేదు సారు."

"నేనూ చూడలే. ఇయ్యాల తాగిన." తనిఖీ పుస్తకం తెరిచి రాశాడు: పిల్లలకు పాఠం వచ్చు. తరగతి నడపవచ్చు. వచ్చే ఏటికి సముద్రానికి తొట్టి, పక్కన ఒక కుండ మంచినీళ్లు ఏర్పాటు చేయాలి.

మరుసటి ఏడు సాలమ్మ రెండూ పెట్టింది. తొట్టి నిండా సముద్రం ఉన్నా, పిల్లలు పక్కనే చెలిమె తవ్వడం మానలేదు.

"నిండుగనే ఉంది గదనే" అంది సాలమ్మ.

"ఇప్పుడు ఉంటది పంతులమ్మా" అంది గుర్వమ్మ తవ్వుతూనే. "ఎండలు రానీ."