అవ్వ కోసం టీవీకి మైకుసెట్టు

మీలో ఎవరన్న టీవీల తమ బొమ్మ మాట్లాడుతుంటే, ఇంట్ల కూసొని దానికి తామే డబ్బింగ్ చెప్పిండ్రా? చెయ్యెత్తుండ్రి. లేరు కదా. నేను చెప్పిన. మొన్న శనివారం సాయంత్రం, వాడకట్టు మొత్తం చూస్తుండంగ, చేతిల మైకు పట్టుకొని చెప్పిన. నవ్వేది తర్వాత నవ్వుదురు గని, చాయ్ చల్లారకముందు సంగతి వినుండ్రి.

హైదరాబాదుకు పోయి టీవీ చర్చల మాట్లాడొచ్చిన సంగతి మీకు ఎరికే. మూఢనమ్మకాల మీద. నాకు నాలుగు నిమిషాలు ఇచ్చిండ్రు. ఆ నాలుగు నిమిషాలల్ల నేను ఎవ్వరినీ వదిలిపెట్టలే. కెమెరా పట్టుకున్నాయన జర మెల్లగ అమ్మా అని రెండుసార్లు సైగ చేసిండు, నేను ఆయనను కూడ వదిలిపెట్టలే. అది శనివారం సాయంత్రం వేస్తమని ఉత్తరం వచ్చింది. ఒక్కసారే వేస్తరు, మళ్ల వెయ్యరు.

ఉత్తరం చదవంగనే నాకు మొదలు యాదికొచ్చింది అవ్వ. అంటే మా బాపు వాళ్ల అమ్మ. నేను ఇయ్యాల మీ అందరితోటి నల్గొండల డిగ్రీ చదువుతున్నానంటే ఆమె పుణ్యమే. ఇంటర్ అయినంక ఇగ చాలు అన్నడు బాపు. అవ్వ ఆయనతోటి మాట్లాడుడు బంద్ పెట్టింది. అవ్వకు చెవులు సరిగ వినపడయి, ఇంట్ల ఆమె మాట్లాడేదే తక్కువ, అందుకే ఆమె అలిగిన సంగతి బాపుకు మూడో దినం గాని తెల్వలే. తెలిసినంక ఇగ ఆగలే, నా పెట్టె సైకిల్ మీద పెట్టుకొని బస్టాండుకు తోలుకపోయిండు.

అసొంటి అవ్వ నా ఉపన్యాసం ఇప్పటిదాక ఒక్కటి కూడ వినలే. నేను గెలుచుకొచ్చిన కప్పులల్ల ఉప్పు, చింతపండు పోసుకుంటది. "గిన్ని గిన్నెలు ఇస్తున్నరంటె మంచిగనే మాట్లాడుతున్నవన్నట్టు" అంటది. నా మాటల గురించి ఆమెకు తెలిసింది అంతే. ఈసారి వినిపియ్యాలె, ఎట్లనన్న వినిపియ్యాలె అని గట్టిగ అనుకున్న.

కష్టమంతా మా టీవీ తోటి. బొమ్మ మంచిగనే వస్తది. సౌండే, అగ్గిపెట్టెల తుమ్మెదను పెట్టి మూసినట్టు ఉంటది. మాకే సగం వినపడది, ఇగ అవ్వకేం వినపడతది? అవ్వకు ఖుల్లంఖుల్ల వినపడేది లోకంల ఒక్కటే, లగ్గాలల్ల పెట్టే మైకుసెట్టు. మా ఊరు రామన్నపేటల ఏ మూలకు మైకు మోగినా అవ్వ ఉన్నకాడనే తల ఊపుతది. అయితే టీవీ సౌండును మైకుసెట్టుల నుంచి రప్పిస్తె అయిపాయె కదా అన్న ఆలోచన నాదే. ఈ కథల నేను చేసిన మంచిపని అదొక్కటి, గుర్తుపెట్టుకోండ్రి.

మా వెనక గల్లీల షమీమ్ ఆపా వాళ్లది మైకుసెట్ల దుకాణం. బోర్డు మీద పేరు ఆమె పెనిమిటిదే గని, కాలిన వైర్లు అతుకేసేది, మూగపోయిన స్పీకర్లను మాట్లాడిచ్చేది ఆపానే. అడగంగనే ఒప్పుకున్నది. శనివారం పగటిపూట ఒక పాత ఆంప్లిఫయర్, ఒక డబ్బా స్పీకర్, ఒక మైకు, టీవీకి తగిలిచ్చే వైరు అన్నీ మా ఇంటికి తెచ్చింది.

ఆపా వచ్చినప్పుడు నేను ఇంట్ల లేను. బాపు సైకిల్ తీసుకొని సాయంత్రం టీవీ చూడుండ్రని ఊరంత చెప్పొస్తున్న. టీవీ లేనోళ్లను మా ఇంటికే రమ్మన్న. తిరిగి వస్తుంటే గల్లీ మలుపుల ఆపా ఎదురొచ్చింది. పక్కూర్ల పెండ్లి ఉన్నది, ఆడోళ్ల దిక్కు మైకు ఆమెనే చూసుకుంటది, బస్సు టైమయింది. పోకుంట పోకుంటనే చెప్పింది: టీవీకి పెట్టి చూసినంక సౌండు మంచిగ వచ్చిందట, అవ్వ కూడ విన్నదట, కరెంటు పోవుడు వచ్చుడు చేస్తున్నదని వైరు పీకి పక్కకు పెట్టిందట.

"సాయంత్రం పెట్టేటప్పుడు బేటీ, మషీన్ ఎనుక..." అని ఏదో చెప్పబోయింది.

"ఆపా, నేను ఇంటర్ల ఎంపీసీ చదివిన" అన్న.

ఆపా నన్ను కిందికీ మీదికీ చూసింది. "అచ్ఛా" అని బస్సుకు పోయింది.

ఇంట్లకు వచ్చి చూస్తే స్టూలు మీద ఆంప్లిఫయర్. మైకుసెట్టోళ్లందరి అలవాటే కదా, లగ్గంల సామాను మారిపోవద్దని డబ్బా మీద పేరు రాసుకుంటరు. ఆపా వాళ్ల ఆంప్లిఫయర్‌కు ముందల, ఎనుక, పక్కలకు ఎర్ర పెయింటుతోటి ఇంత లావు అక్షరాలు. ఆ పెయింటు కింద కంపెనీవాడు రాసిన చిన్న అక్షరాలన్నీ మునిగిపోయినయి. ఎనుక దిక్కు ఒక్క తీరుగనే ఉన్న ఐదు సాకెట్లు. వాటిల ఒకదాని మీద ఎర్రగ, గుండ్రంగ, నిండుగ కుంకుమ బొట్టు.

నాకు కోపం నెత్తికెక్కింది. ఎందుకంటే మా ఇంట్లకు ఏ మిషన్ వచ్చినా అవ్వ బొట్టు పెడుతది. కుట్టుమిషన్‌కు పెట్టింది. బోరు మోటారుకు పెట్టింది. బాపు సైకిల్ బెల్లుకు పెట్టింది. టీవీ వచ్చిననాడు స్విచ్చు మీద పెట్టిన బొట్టు ఇంకా పోలేదు. మూఢనమ్మకాల మీద నేను టీవీల మాట్లాడుతుంటె, నన్ను వినిపిచ్చే మిషన్‌కు బొట్టా? సూడొచ్చినోళ్లు ఏమనుకుంటరు?

"అవ్వా, ఇది కరెంటుతోటి నడుస్తది, కుంకుమతోటి కాదు" అని మొదలుపెట్టిన.

అవ్వ నా చెయ్యి ఆంప్లిఫయర్ దిక్కు చూపిస్తున్నది చూసి, "గది గాదు బిడ్డా..." అన్నది.

మీకు తెలుసు కదా, పోటీలల్ల ఎదుటి టీమోళ్లు మధ్యల లేస్తే నేను అరచెయ్యి చూపిస్త. అవ్వకు కూడ అదే అరచెయ్యి చూపించిన. ముందు నా మాట పూర్తి కానియ్యి అన్న. ఆ ఊపుల నాలుగు నిమిషాల ఉపన్యాసం పది నిమిషాలు చెప్పిన. అవ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకొని, ఒక్క ముక్క వినపడకున్నా, నా చేతులు ఎటు పోతే అటు చూసుకుంట కూసున్నది. ఆఖరికి తడిబట్ట తెచ్చి ఆ బొట్టును శుభ్రంగ తుడిచిన. మరక కూడ ఉండొద్దని కిరసనాయిల్ పెట్టి ఇంకోసారి తుడిచిన.

"తుడిస్తివా?" అన్నది అవ్వ.

తుడిచిన అని తల ఊపిన.

"మంచిది. అయితె నీకు ఎరికనే అన్నట్టు" అన్నది.

నేను గెలిచిన అనుకున్న.

సాయంత్రం మా ఇల్లు నిండింది. పక్కింటి కిష్టమ్మత్త చాప తెచ్చుకున్నది. గొర్ల మందను తోలుకొచ్చి దొడ్లె పెట్టినోళ్లు గొంగడి భుజం మీద ఉండంగనే వచ్చి గోడకు ఆనుకొని కూసున్నరు. అవ్వ అందరికంటె ముంగట, పీట మీద, కొత్త చీర కట్టుకొని కూసున్నది. నేను వైరు ఒక కొస టీవీ ఇయర్‌ఫోన్ రంధ్రంల పెట్టిన. టీవీల తుమ్మెద ఆగిపోయింది. అంటే సౌండు వైరుల నుంచి బయల్దేరింది, కరెక్టే. ఇగ రెండో కొస ఆంప్లిఫయర్ ఎనుక పెట్టాలె. ఐదు సాకెట్లు. ఒకదాంట్ల మైకు ఆపా పెట్టే పోయింది. మిగిలినయి నాలుగు.

మొదటిదాంట్ల పెట్టిన, చప్పుడు లేదు. టీవీల అధ్యక్షుడు వచ్చి నోరు కదిపి పోయిండు. రెండోదాంట్ల పెట్టిన, గుయ్యిమన్నది. మొదటి వక్త అయిపోయిండు. బాపు నా దిక్కు చూస్తున్నడు. నేను ఆయన దిక్కు చూస్తలే. రెండో వక్త కూడ పోయినంక తెర మీద నేనొచ్చిన. జడ ముంగటికేసుకొని, వేలు ఎత్తి, నోరు తెరిచిన. సరిగ్గ గప్పుడే వైరును మూడోదాంట్లకు మార్చిన. డబ్బా స్పీకర్ ఖంగున మోగింది.

"వానలు పడంగనే గొర్రెలకు నట్టల మందు తాపియ్యాలె" అన్నది.

మగ గొంతు. అది రేడియో. ఆ వైరు ఎక్కడి నుంచి పట్టిందో, రేడియోల రైతుల కార్యక్రమాన్ని పట్టింది. తెర మీద నేను పళ్లు కొరుక్కుంట, పిడికిలి ఊపుకుంట గొర్రెల కడుపుల పురుగుల గురించి చెప్తున్న. గోడకు ఆనుకున్నోళ్లు సదురుకొని కూసున్నరు. ఒకాయన మందు పేరు మళ్ల చెప్పమన్నడు.

అవ్వ మొఖం చూడాలె. వెలిగిపోతున్నది. ఒక్క మాట పోకుండ వింటున్నది, తల ఊపుతున్నది. వెనకకు తిరిగి కిష్టమ్మత్తతోటి, "పడిశం పట్టి గొంతు జర బొంగురువోయింది గని, ఎంత పనికొచ్చే మాట చెప్తున్నది నా మనుమరాలు" అన్నది.

బాపు ఇగ ఆగలే. "వైరు పీకు సరితా, టీవీల ఉన్న సౌండన్న మేము వింటం" అన్నడు. మీరు వింటరు, అవ్వ వినది కదా. పీకనన్న. కిష్టమ్మత్త మంచి సలహా ఇచ్చిన అనుకొని, "నువ్వు ఈడనే ఉన్నవు కద పిల్లా, గా మైకు పట్టుకొని నువ్వే చెప్పరాదు?" అన్నది. ఇంకో సాకెట్టు మిగిలి ఉన్నదన్న సంగతే ఆ తొందరల మరిచిపోయిన, నాకు కూడ అదే దారి అనిపించింది. ఆంప్లిఫయర్ నుంచి వైరు కొస పీకేసి మైకు అందుకున్న.

ఎన్నిసార్లు బట్టీ పట్టిన ఉపన్యాసమో అది. అయినా తెర మీద నన్ను నేను చూసుకుంట చెప్పుడు మొదలుపెడితే ఏ మాట ఎక్కడ అన్ననో ఒక్కటీ అందుతలే. నేను ఈడ ప్రశ్న అడుగుతుంటె ఆడ దండం పెడుతున్న. నేను ఈడ కోపానికి వస్తె ఆడ నవ్వుతున్న. ఇల్లంత నవ్వుడే. అవ్వ ఒక్కతే నవ్వలే. టీవీ దిక్కు చూసింది, నా చేతిల మైకు దిక్కు చూసింది.

"మరి గిందాక చెప్పింది నువ్వు గాదా?" అన్నది.

కాదని తల ఊపిన.

"నువ్వు ఈడ చెప్పేది నాకెందుకే? ఆడ పెద్దోళ్ల ముంగట ఏం చెప్పినవో గది కావాలె నాకు. మరి బొట్టు పెట్టిన తొర్రల పెట్టకపోతివి?"

మైకు పక్కకు పెట్టి వైరు అందుకున్న.

అవ్వ పీట మీది నుంచి లేవకుండనే కట్టె చాపి, నాలుగో సాకెట్టు మీద తట్టింది. "పేర్లు పెయింటు కింద పోయినయని, గీడ పెట్టాలె అని షమీమ్ మైకుల చెప్పి, నా తాన కుంకుమ అడిగి తీసుకొని గుర్తుకు నిశాన్ పెట్టిపాయె. నువ్వు తుడిస్తివి. తుడిచినవంటె ఏ తొర్రనో నీకు ఎరికనే అనుకున్న."

వైరు నాలుగోదాంట్ల పెట్టిన. ఇల్లు అదిరింది. నా గొంతు, అచ్చంగ నాదే, లగ్గంల పాట వచ్చినంత గట్టిగ వచ్చింది. అప్పటికి నా నాలుగు నిమిషాలల్ల మిగిలింది ఆఖరి మాటనే.

"కనుక మిత్రులారా, ఎవరు ఏ పని చేసినా, ఎందుకు చేశారని ముందు అడుగుదాం. అడగకుండానే తేల్చేయడమే అన్నిటికంటే పెద్ద మూఢనమ్మకం. నమస్కారం."

తెర మీద నుంచి నేను పోయిన. అవ్వ ఆ ఆఖరి మాటను నిమ్మళంగ నమిలి మింగినట్టు తల ఊపి, నా దిక్కు తిరిగింది.

"మంచి మాటనే చెప్పినవు బిడ్డా. మరి నన్నెందుకు అడగలే?"

జిల్లా మొత్తం మీద నా ఎదురుగ నిలబడి ఒక్క ప్రశ్నతోటి కూసోబెట్టినోళ్లు ఇప్పటిదాక లేరు. మా ఇంట్లనే ఉన్నరని నాకు తెల్వదు. మైకు బంద్ చేసి కూసున్న.

తెల్లారి షమీమ్ ఆపా సామాను తీసుకపోనీకి వచ్చి, నిశాన్ ఏమాయె అని అడిగింది. బాపు చెప్పిండు. ఆపా నన్ను ఏమీ అనలే. "ఎంపీసీ" అని మాత్రం అన్నది. అవ్వ కుంకుమ భరిణె తెచ్చింది, ఆపా ఆ సాకెట్టు మీద మళ్ల బొట్టు పెట్టింది. ఈసారి ఆ స్టూలును నేనే కదలకుండ పట్టుకున్న.

అవ్వ ఇప్పుడు ఊర్లె అందరికీ చెప్తున్నది, నా మనుమరాలు టీవీల ఒక్క మాట మాట్లాడింది, ఆ ఒక్కటి మంచిగున్నది అని. మిగిలింది వినలేకపోయిన అని నాతోటి ఒక్కసారి కూడ అనలే. అనదు. అలిగితే మూడు దినాలకు గాని బయటపడనిది, ఇది ఎప్పుడు బయటపడాలె?

అందుకే మిమ్ముల ఒక్కటి అడుగుత. శనివారం సాయంత్రం మీలో ఎవరింట్లనన్న టీవీ ముంగట టేప్‌రికార్డర్ పెట్టి ఆ కార్యక్రమం పట్టిండ్రా? మధ్యల మీ చెల్లె దగ్గినా, కుక్కర్ కూత పెట్టినా, మీ నాయిన నన్ను తిట్టినా ఏం ఫికర్ లేదు. వైరు ఏ తొర్రల పెట్టాలెనో ఈసారి అవ్వనే అడిగి పెడుత. మీరు లేవుండ్రి, ఇండ్లకు పోయి క్యాసెట్లు తిరగేయుండ్రి, దొరికినోళ్లు రేపే తెచ్చియ్యుండ్రి.