పచ్చి అతుకు

ఏళ్ల తరబడి తెల్లవారకముందే భర్తకు డ్యూటీ సద్ది కట్టిన నర్సింహమ్మ, అతని ఆపరేషన్ తర్వాత రాగి జావ కాచి, పల్చని బట్టలో వడగట్టి మొగులయ్యకు చెంచాతో పోసేది. ఇప్పుడు ఆ పనీ లేదు. మెలకువ మాత్రం అదే వేళకు వస్తుంది. బట్ట దండెం మీద ఎండి బిగుసుకుపోయింది.

మొగులయ్య కాజీపల్లి మందుల కంపెనీలో పైపుల ఫిట్టరు. కడుపులో క్యాన్సరని తేలాక, డాక్టరు పెద్ద కోత లేకుండా చిన్న గాట్లతోనే జీర్ణాశయమంతా తీసేసి, గొంతు నుంచి దిగే గొట్టాన్ని పేగుకు కలిపాడు.

"పైన మానిందని మోసపోవద్దు. లోపల అతుకు పచ్చిగ ఉంది. నేను చెప్పేదాక జావ, నీళ్లే" అన్నాడు.

మొగులయ్య నవ్వాడు. "ఈ సారు గూడ ఫిట్టరేనే! అతుకు గట్టిపడకముందే లైన్ల ప్రెషర్ ఇడుస్తమా?"

అంత తెలిసినవాడూ అన్న బాలప్ప ముందు నోరెత్తలేదు. ఆసుపత్రి నుంచి చిట్కుల్‌లోని ఇంటికి చేరాక బాలప్ప మాంసం వండించుకొచ్చాడు. తమ్ముడి అంగీ ఎత్తి చూశాడు.

"ఇంతేనా? దోమ కుట్టినట్టున్నది! దీనికే గింత పరేషానా?"

"వద్దు బావా, డాక్టరు..." అంటూ నర్సింహమ్మ అడ్డొచ్చింది.

"నీ జావతోని మనిషి కట్టె అయిండు. నువ్వు జెర ఊకో."

పెద్దవాడి చేతి ముద్దను కాదనడం ఆ ఇంట్లో లేదు. మొగులయ్య ఆమె వైపు ఒకసారి చూసి నోరు తెరిచాడు.

మర్నాటికి జ్వరం, ఆయాసం. అతుకు విడిపోయి లోపలంతా చీము పట్టిందన్నారు ఆసుపత్రిలో. మనిషి దక్కలేదు. "డాక్టరు సరిగ కుట్టలే" అని బాలప్ప వచ్చినవాళ్లందరికీ చెప్తుంటే నర్సింహమ్మ పళ్లు బిగబట్టి విన్నది.

ఇవాళ పిట్టకు పెట్టాలి. పోయినవాడికి ఇష్టమైనవి వండి ఆకులో పెడితే కాకి ముట్టాలి. బాలప్ప మాంసం సంచి తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టాడు.

"జల్దీ వండు. తమ్మునికి గిదంటే మస్తు ఇష్టం."

"ఎరికే బావా. ఆఖరుకు తిన్నది గూడ గిదే. నీ చేతితోనే."

వాకిట్లోంచి బాలప్ప భార్య ఆగమ్మ ముందుకొచ్చింది.

"గట్లంటవేందే? బతకాలనే పెట్టిండు గదా!"

"బతకాలనే పెట్టిండక్కా. మరి డాక్టరునెందుకు తిడుతుండు? నా కండ్లల్ల సూసి చెప్పుమను."

బాలప్ప చూడలేదు. "పిట్ట ముట్టకపోతే వాని పానం ఈడనే తిరుగుతది" అని గొణిగాడు.

నర్సింహమ్మ పొయ్యి వెలిగించింది. జావ కాచింది. దండెం మీది బట్ట తడిపి, వడగట్టి, చిన్న గిన్నెలో పోసి ఆకులో పెట్టింది.

గడప దగ్గర సంచి మీద ఈగలు ముసిరాయి. దాని ముడి ఆమె విప్పలేదు.