చిన్నాయన ఆపరేషన్

మా చిన్నాయన పోయాడు. కంపెనీలో బాయిలర్ డ్యూటీ దిగి, ఇస్నాపూర్‌లోని కిరాయి ఇంటికి వచ్చి, గడప దగ్గరే కూలబడ్డాడట. చిన్న కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాయన లేస్తలేడు" అంది. ఆ తర్వాత ఏడుపు తప్ప మాట వినిపించలేదు.

ఆయన మా నాన్నకు తమ్ముడు. చిన్నమ్మ పొయ్యి దగ్గర ఉంటే ఉల్లిగడ్డలు ఆయనే కోసేవాడు, ఆమె చీరలు దండెం మీద ఆయనే ఆరేసేవాడు. గల్లీలో ఆడవాళ్లు కూడా నవ్వేవారు. నవ్వనిచ్చేవాడు.

చిన్నమ్మకు ఇద్దరు ఆడపిల్లలు. రెండు కాన్పులూ ఆపరేషన్లే. రెండోసారి నెత్తురు బాగా పోయింది. మళ్లీ కడుపొస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది. కానీ మా నానమ్మకు చిన్నాయన వైపు కూడా ఒక మనవడు కావాలి.

"కొడుకు పుట్టేదాక ఆపరేషన్ మాటెత్తొద్దు" అంది.

"రెండుసార్లు దాని కడుపు కోసిండ్రు అవ్వా. ఈసారి నేను పోత" అన్నాడు చిన్నాయన. అన్నట్టే వెళ్లి మగవాళ్లకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నాడు.

మూడు నెలలు నిరోధ్ వాడమని, తర్వాత పరీక్షకు రమ్మని నర్సు చెప్పింది. అందరికీ చెప్పే మాటే కదా అని ఆయన పట్టించుకోలేదు. రెండో నెలలోనే చిన్నమ్మ నెల తప్పింది.

నానమ్మ ఆమెను జుట్టు పట్టి వాకిట్లోకి లాగింది. "ఆపరేషనయినోని పెండ్లానికి కడుపెట్లయితదే? ఎవనిదో చెప్పు!" గల్లీ అంతా విన్నది. కంపెనీ క్యాంటీన్‌లో తోటివాళ్లు, "ఆపరేషన్ నీకయిందా, పక్కింటోనికయిందా?" అని అడిగి నవ్వారు.

చిన్నాయన చిన్నమ్మను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయి పరీక్ష చేయించుకున్నాడు. ఆయన వీర్యంలో కణాలు ఇంకా ఉన్నాయి. ఆపరేషన్‌కు ముందు చేరినవి గొట్టాల్లో కొన్నాళ్లు ఉంటాయని, అందుకే మూడు నెలల గడువని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఈ కాన్పు ప్రమాదం కాబట్టి కడుపు తీయించుకోవచ్చనీ చెప్పింది. తప్పు తనదేనని చిన్నాయన వాకిట్లో నిలబడి గట్టిగా చెప్పాడు. నమ్మినవాళ్లు లేరు.

కడుపు తీయించుకొమ్మని చిన్నమ్మను బతిమాలాడు. ఆమె వినలేదు. "తీయించుకుంటే తప్పు చేసిన్నని ఒప్పుకున్నట్టే అయితది. బిడ్డను కంట. దాని మొకం సూస్తరు గదా" అంది.

కాన్పులోనే చిన్నమ్మ పోయింది. మూడోదీ ఆడపిల్లే. గడ్డం మీది నొక్కు, కొంచెం వంగిన కుడి చెవి, అచ్చం చిన్నాయనే. నానమ్మ ఆ ముఖం చూసి, "నా కొడుకే, నా కొడుకే" అని గుండెలు బాదుకుని, పిల్లను ఎత్తుకుంది. చిన్నాయన పిల్లను ఆమె చేతుల్లోంచి తీసేసుకున్నాడు.

"గీ మొకం నీకు సూపెట్టనీకే అది పానమిచ్చింది. ఇగ సూసుకో" అన్నాడు.

నానమ్మ బతికినన్నాళ్లూ అన్నం పెట్టాడు, మందులు తెచ్చాడు. ఆమెతో మాత్రం మళ్లీ మాట్లాడలేదు.

కంపెనీలో ఎవరైనా ఆపరేషన్‌కు పోతున్నారని తెలిస్తే చాలు, వెతుక్కుంటూ వెళ్లేవాడు. "కోసుడుతోని అయిపోలే. మూడు నెలలు జాగ్రత్త. పరీక్షల కణాలు లేవన్నంకనే నమ్ముర్రి." బీహార్ వాళ్లకైతే వచ్చీరాని హిందీలో అదే చెప్పేవాడు. వెనక నవ్వు వినిపిస్తే తిరిగి చూసి, "నవ్వుర్రి. నవ్వి పోయి పరీక్ష చేయించుకోర్రి" అనేవాడు.

నా రెండో కాన్పు తర్వాత మా ఆయన్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పిందీ ఆయనే. మా ఆయన ఆపరేషన్ చేయించుకుని గడువు తీరాక, పరీక్షకు చిన్నాయనే తీసుకెళ్లాడు. ఫలితం వచ్చేదాకా ఆసుపత్రి బల్ల మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారట. ఈ రోజు నేను నిశ్చింతగా ఉన్నానంటే ఆయన వల్లే.

శవం లేచే వేళ, కొడుకు లేడని పెద్దలు నిప్పు కుండను మా తమ్ముడి చేతికిచ్చారు. వెనక నుంచి ఒక ముసలామె పక్కామెను అడిగింది: "గీ పిల్లేనా, ఆపరేషనయినంక పుట్టింది?"

చిన్న కూతురు విన్నది. వెనక్కి తిరిగి, "నేనే" అంది. మా తమ్ముడి ముందుకు వచ్చి చేయి చాపింది. "అన్నా, ఇటియ్యి." పెద్దలు ఏదో అనబోయారు. అక్కలిద్దరూ వాళ్లకు అడ్డంగా నిలబడ్డారు.

పాడె ముందు ఆమె నడిచింది. హైవే పక్కన షిఫ్టు బస్సులు ఆగిపోయాయి. కిటికీల్లోంచి కార్మికులు తొంగిచూస్తున్నారు. కుండలోంచి లేచిన పొగ కళ్లలోకి కొడుతున్నా ఆమె తల తిప్పలేదు. ఆ ముఖాన్ని అందరికీ కనిపించేలా ఎత్తిపట్టుకునే నడిచింది.