బాపట్ల ఆసుపత్రిలో బతికిన బొటనవేలు

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి, మా తెనాలి ఇంట్లో భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద రెండు కోడి తొడలు పెట్టుకుని, ఫోనుకు తగిలించిన చిన్న భూతద్దంలోంచి చూస్తూ, మా తమ్ముడి మనవరాలు వాటిలోని సన్నని రక్తనాళాన్ని కోసి మళ్ళీ కుడుతూ కనిపించింది. ఆ పిల్ల హైదరాబాదులో ప్లాస్టిక్ సర్జరీలో పై చదువు చదువుతోంది, సెలవులకు వచ్చినా చేయి ఊరుకోదు. ఇంట్లోవాళ్ళు తినే బల్ల మీద ఇదేం పని అని విసుక్కుంటుంటే, నేను మాత్రం చీరైనా మార్చుకోకుండా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ముడి అంత బిగించకు, నాళం నలుగుతుంది అన్నాను. ఆ పిల్ల భూతద్దం మీంచి తలెత్తి, "నీకెలా తెలుసు మామ్మా?" అంది. ఎలా తెలుసో చెప్పడానికి నాకు ఆ పూటంతా పట్టింది. నా వయసువాళ్ళయిన మీరూ వింటే సంతోషిస్తారని ఇక్కడ రాస్తున్నాను.

నేను బాపట్లలో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరు సిస్టరుగా పనిచేస్తున్న కాలంలో, పెద్ద నగరంలో శిక్షణ పూర్తిచేసుకుని ఒక యువ డాక్టరుగారు మా దగ్గరికి వచ్చారు. మా ప్రాంతానికి ప్లాస్టిక్ సర్జరీ అన్న మాటే అప్పుడు కొత్త. సినిమావాళ్ళు ముక్కులు దిద్దించుకునే వైద్యమనుకునేవాళ్ళం గానీ, స్టవ్వు అంటుకుని మెడ చర్మం గుంజుకుపోయి తల ఎత్తలేని ఆడవాళ్ళకూ, చీలిన పెదవితో పుట్టి పాలు తాగలేని పసిబిడ్డలకూ అదే దిక్కని ఆయన వచ్చాకే మాకు తెలిసింది. ఒకసారి వేమూరు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, చేతి మీద పుండు మానక చర్మం అతకాలి అనగానే భయపడిపోయి, "ప్లాస్టిక్ అయితే ఎండకి కరిగిపోదా బాబూ? నేను పొలం పనికెళ్ళేదాన్ని" అని అడిగింది. ఆయన నవ్వకుండా ఆమె మంచం పక్కన కూర్చుని, ప్లాస్టిక్ ఏమీ పెట్టమనీ, ఆమె తొడ మీది పలచని పొరనే తీసి ఆమె చేతికే వేస్తామనీ ఓపిగ్గా చెప్పారు. "నాదే అయితే సరే, ఇంకొకళ్ళది మాత్రం నాకొద్దు" అని ఆవిడ ఒప్పుకుంది. ఆ తరువాత మానిన చేయి చూపించడానికి వచ్చినప్పుడల్లా వార్డంతా తిరిగి, మిగతా రోగులకు ధైర్యం చెప్పి వెళ్ళేది.

ఆయనకు ఒకటే పట్టుదల, తెగిపోయిన వేళ్ళను తిరిగి అతకడం. దానికి తల వెంట్రుక కంటే సన్నని దారంతో, అగ్గిపుల్లంత లావు కూడా లేని నాళాలను కుట్టడం రావాలి. శిక్షణలో ఆయన చూసింది కొంత, చేసింది అంతకన్నా తక్కువ. అందుకని మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక, మా ఆసుపత్రిలోనే ఉన్న కళ్ళ డాక్టరుగారి మైక్రోస్కోపును అడిగి తీసుకుని, బజారు నుంచి కోడి తొడలు తెప్పించి సాధన మొదలుపెట్టారు. గాలికి ఆ దారం ఎగిరిపోయేది కనుక ఫ్యాను ఆపేయాలి, బాపట్ల మే నెలలో ఫ్యాను లేని గది ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒకసారి నేను తుమ్మితే దారం సూదితో సహా కనిపించకుండా పోయి, ఇద్దరం నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని గంటసేపు వెతికాం, దొరకలేదు. రేపల్లెలో నా చిన్నప్పుడు మా అమ్మ చేతిరుమాళ్ళ అంచులు కుట్టించిన పుణ్యమా అని నా చేయి స్థిరంగా ఉండేది. అది గమనించి ఆయన నాకూ నేర్పారు. ఆయన కుట్టడం, నేను సిరంజితో నీళ్ళు వదిలి ఎక్కడ కారుతోందో చూడడం, మళ్ళీ విప్పడం, ఇలా కొన్ని నెలలు గడిచాక, ఒకరోజు చుక్క నీరైనా కారకుండా కుట్టు నిలిచింది.

ఆ ఆనందం పట్టలేక నేను సెలవుకు రేపల్లె వెళ్ళినప్పుడు మా చిన్న మేనమామ ఇంట్లో, అన్నాల దగ్గర కూర్చునే, తెగిన వేలిని ఎలా దాచాలో చెప్పాను. నీళ్ళలో వెయ్యకూడదు, ఐసుకు నేరుగా తగలనివ్వకూడదు, తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి కవరులో పెట్టి, ఆ కవరును ఐసులో పెట్టాలి అని. తినేటప్పుడు ఆ మాటలేంటని మా చిన్నత్తే నన్ను కసిరింది. చిన్నత్త అంటే ఆ మేనమామ భార్య, రేపల్లెలో పేరున్న టైలరు. ఆవిడ కుట్టిన జాకెట్టు వేసుకోని పెళ్ళికూతురు మా బంధువుల్లో లేదు.

నెల తిరక్కుండానే ఒకరోజు పొద్దున్న, గేదెలకు గడ్డి నరికే చక్రం మిషనులో ఆవిడ కుడిచేతి బొటనవేలు తెగిపోయింది. కేక విని పరిగెత్తుకొచ్చిన మావయ్యకు నా మాటలు గుర్తొచ్చి, అక్షరం తప్పకుండా అలాగే చేసి, పక్కింటివాళ్ళ చేపల వ్యానులో, ఐసు పెట్టెతో సహా అత్తను ఎక్కించుకుని చెరుకుపల్లి మీదుగా బాపట్ల చేరాడు. వ్యాను దిగుతూనే నాతో అన్న మాట ఒక్కటే. "నువ్వు చెప్పినట్టే తెచ్చానమ్మాయ్, ఇక మీ ఇష్టం."

డాక్టరుగారు కవరు విప్పి వేలిని అటూ ఇటూ తిప్పి చూశారు. "మనం ఇప్పటిదాకా కోళ్ళకే కుట్టాం సిస్టర్" అన్నారు. "కోళ్ళకి అతుకుతోంది కదండి" అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి తన గురువుగారికి ఫోను చేశారు. అంతదూరం పంపితే వేలికి సమయం మించిపోతుందనీ, వెంటనే మొదలుపెట్టమనీ ఆ పెద్దాయన చెప్పారట. కళ్ళ డాక్టరుగారు తన మైక్రోస్కోపును ఎవరికీ అప్పగించకుండా తానే తోసుకుంటూ థియేటరుకు తెచ్చారు.

చేతికి మాత్రమే మత్తు ఇచ్చాం కనుక అడ్డం కట్టిన గుడ్డ అవతల చిన్నత్త మెలకువగానే ఉంది. "ఏంటమ్మాయ్, కుట్టేది నువ్వేనా?" అని అడిగింది. డాక్టరుగారనీ, నేను అందిస్తాననీ చెప్పాను. "అయితే కుట్లు దగ్గర దగ్గరగా వెయ్యమను, దూరమైతే పిగులుతాయి" అంది. డాక్టరుగారు మాస్కు వెనక నవ్వి, "అలాగేనండి" అన్నారు. దానితో ఆయన భుజాల బిగువు తగ్గడం నేను చూశాను. ఎముకను సన్నని తీగతో నిలబెట్టి, వేలిని వంచే టెండన్ను అతికి, నాళాలు కుట్టి, రక్తం ఆపడానికి వాటికి పెట్టిన బిగింపులు వదిలేసరికి సాయంత్రమైంది. వేలు మైనంలా తెల్లగా అలాగే ఉంది. ఆయన ఆ కుట్లన్నీ కత్తిరించి, నాళం అంచులు శుభ్రంగా కోసి, మళ్ళీ మొదటి నుంచి కుట్టారు. ఈసారి బిగింపులు వదిలి, గోరువెచ్చని సెలైను పోస్తూ ఎదురుచూశాం. ముందు గోరు మొదట్లో పలచని గులాబీరంగు కనిపించింది, చూస్తుండగానే వేలి చివరి దాకా పాకింది. సూదితో గుచ్చితే ఎర్రని చుక్క. కళ్ళ డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు.

ఆ తరువాత చిన్నత్త నెలల తరబడి పళ్ళెంలోంచి కందిబద్దలు ఒక్కొక్కటే ఏరుతూ, తడిగుడ్డ పిండుతూ వేలికి పని నేర్పింది. మొట్టమొదట కుట్టింది డాక్టరుగారికి థియేటరు టోపీ. కుట్టు కాస్త వంకరగా ఉంటే, "ఇదొక్కటీ ఇలాగే ఉంచుకోండి డాక్టరుగారూ, తరవాతవి తిన్నగా వస్తాయి" అంది. వచ్చాయి కూడా. నా పెళ్ళి జాకెట్టు ఆ చేతి కుట్టే.

ఇదంతా విన్న మా మనవరాలు తన ఆసుపత్రి సంగతులు చెప్పింది. అక్కడ కాలి ఎముకతో దవడ తయారుచేస్తారట, దాని కొలతలు ముందే కంప్యూటరులో చూసుకుంటారట, ఎక్కడో ఉన్న గురువులు తెర మీద చూస్తూ చేయి దిద్దుతారట. వింటుంటే నాకు గర్వంతో కడుపు నిండింది. తనూ కిందటేడు ఒక వేలు కుట్టిందట. అది ఎర్రబడినప్పుడు ఎవరెవరు చూడ్డానికి వచ్చారని అడిగాను. "ఎవరొస్తారు మామ్మా, నోట్సు రాసేసి తరవాతి కేసుకెళ్ళాను" అంది మామూలుగా.

అది మామూలైపోవాలనే కదా మేము అంత చెమటోడ్చింది. అయినా నాకు చిన్నత్త వేలు అతికిన సాయంత్రం నాటి మా ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. థియేటరు తలుపు తీసేసరికి పిండి చేతులతో వంటామె, చీపురుతో ఊడ్చే ఆమె, చీటీలు రాసే గుమాస్తా, సంగం జాగర్లమూడి నుంచి బిడ్డ పెదవికి కుట్లు తీయించుకోవడానికి వచ్చిన తల్లి, అందరూ అక్కడే నిలబడి ఉన్నారు. ఎవరి వేలో కూడా తెలియని ఒక వేలు బతికిందని విని, ఒకరి చేతులొకరు పట్టుకుని నవ్వారు. మా పిల్ల కుట్టిన రోజున కూడా తలుపు బయట అలాంటివాళ్ళు ఒకరిద్దరైనా ఉంటే ఎంత బాగుండేది.