చెవి కొలత

సిద్దిపేట చుట్టుపక్కల కీచురాళ్లన్నీ చచ్చిపోయాయని పర్శరాములుకు గట్టి నమ్మకం. పత్తి చేలకు కొట్టే మందులే దీనికి కారణమని, చాయ్ హోటల్లో ఎదుటివాడు ఒప్పుకునేదాకా వాదించేవాడు. ఆ సంగతి తెలియని కీచురాళ్లు మాత్రం, పొద్దు గూకగానే ఆయన ఇంటి వెనక పొదల్లో తమ పని తాము చేసుకుపోయేవి.

పర్శరాములు పడుచుతనమంతా డీజే బాక్సుల పక్కనే గడిచింది. పెళ్లి బరాత్ కానీ, బోనాలు కానీ, డీసీఎం లారీ మీద మనిషి నిలువును మించి బాక్సులు పేర్చి, వాటికి ఆనుకుని నిలబడి బటన్లు తిప్పేవాడు. తోపులాటల్లో నలిగీ నలిగీ ఆ పని మొహం మొత్తింది. కిరాయి ఇంట్లో రెండో గది సర్దుకుని, రెండు స్టూడియో స్పీకర్లు, ఒక హెడ్‌ఫోన్, కంప్యూటర్ పెట్టుకుని పల్లె పాటలు మిక్స్ చేయడం మొదలుపెట్టాడు. గొంతు, డప్పు, గజ్జెలు వేర్వేరుగా రికార్డు చేసి, ఏది ఎంత వినపడాలో చూసుకుని ఒక్క పాటగా కలపడం ఆ పని. అందులో కూర్చుంటే ఆయనకు అన్నం గుర్తుకు రాదు.

అదే గదిలో ఇంకో మూల భార్య వందన కుట్టు మిషన్ ఉంది. చుట్టూ నాలుగు వీధుల ఆడవాళ్ల జాకెట్లు ఆమెవే. ఆయన రికార్డింగ్ ఉంటే ఆమె మిషన్ ఆపాలి, ఆమెకు పెళ్లి జాకెట్లుంటే ఆయన రికార్డింగ్ ఆపాలి. ఈ ఒప్పందం మీదే ఆ సంసారం నడుస్తోంది.

చిక్కంతా బాలవ్వ పాటతో వచ్చింది. బాలవ్వది బెజ్జంకి దగ్గరి పల్లె. నాట్లు వేస్తూ పాడుతుంటే విని, పర్శరాములే బతిమాలి పిలిపించి పాడించాడు. ఆమెకు ముందు పళ్లు రెండు లేవు. ‘స’ అన్నప్పుడల్లా ఆ సందులోంచి సన్నటి ఈల వస్తుంది. మాట్లాడుతుంటే ఎవరూ పట్టించుకోరు. కానీ యూట్యూబులో పాట పెట్టాక ఆ ఈలే పైకి తేలింది. ముసలామె విజిల్ బాగా కొట్టిందని కింద కామెంట్లు పడ్డాయి. బాలవ్వ బస్సెక్కి నేరుగా వచ్చేసింది.

“ఏం కొడుకా, నా పండ్ల సందు లోకమంతటికి సూపెట్టినవ్ గదా! మా మనుమరాలి బళ్లె పోరగాండ్లు గూడ విజిలవ్వ అంటున్నరట.”

“గా ఫోన్లల్ల గట్లనే ఇనవడ్తది అవ్వా. నా తాన ఇను, మంచిగుంటది” అంటూ ఆయన హెడ్‌ఫోన్ పెట్టాడు.

బాలవ్వ రెండు ముక్కలు విని తీసేసింది. “చెవుల సూది గుచ్చినట్టున్నది. మల్లన్న జాతర పాట గూడ పాడుతనని మాటిచ్చిన, పాడుత. గది గూడ గిట్లనే వచ్చిందనుకో, ఇగ మైకు ముంగట నోరు తెరువ.”

పర్శరాములుకు ఏ ఈలా వినపడలేదు. ఎవరో అన్న మాట మనసులో పెట్టుకుని ముసలామె లేనిది ఊహించుకుంటోందని అనుకున్నాడు. అయినా అలాంటి గొంతు తన చేతుల మీదుగా మూగబోతే తట్టుకోవడం ఆయన వల్ల కాదు. తప్పు స్పీకర్లదే అయి ఉంటుందని, వాటిని మళ్లీ సరిచూడాలని కూర్చున్నాడు.

అందుకో పద్ధతి ఉంది. ఆయన తల ఉండే చోట ఒక కొలత మైకు పెడతారు. స్పీకర్లోంచి లావుపాటి చప్పుడు మొదలై, మెల్లగా సన్నబడుతూ పైకి పోతుంది. గది ఏ చప్పుడును పెంచుతోందో, దేన్ని మింగుతోందో మైకు పట్టుకుంటే, కంప్యూటర్ గీత గీసి హెచ్చుతగ్గులు సరిచేస్తుంది. మునుపు కూడా ఒకసారి చేశాడు. సరిచేసిన చప్పుడు ఆయనకు గొంగడి కప్పినట్టు వినిపించింది. మైకు డూప్లికేట్‌దని తిట్టి, చెవికి ఇంపయ్యేదాకా సన్న చప్పుడును తన చేత్తోనే పెంచుకున్నాడు. హెడ్‌ఫోన్‌కూ అంతే చేశాడు.

“వందనా, మిషిన్ ఆపు” అన్నాడు.

ఆమె ఆపింది. స్పీకర్ బుర్రుమని మొదలై, మూలిగి, కూసి, సన్నబడి ఆగిపోయింది.

“అయిపోయింది, ఇగ కుట్టుకో.”

వందన రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఉంది. “ఏడైపోయింది? కూస్తనే ఉన్నది గదా!”

“మజాక్ చేస్తున్నవా?”

“అబ్బ, ఆపయ్యా! నెత్తికెక్కుతుంది.”

పర్శరాములు తెర వైపు చూశాడు. చప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో చూపే గుర్తు ఇంకా కదులుతూనే ఉంది. మునుపు చేసినప్పుడు కూడా ఆ చివరి ముక్క ఉత్త ఖాళీ అనుకున్నాడు. గుర్తు చివరికి చేరి ఆగింది. సరిగ్గా అప్పుడే వందన చెవుల్లోంచి వేళ్లు తీసింది. ఆమె కూర్చున్న చోటికి తెర కనపడదు. మళ్లీ పెట్టి చూశాడు. మళ్లీ అంతే అయింది.

కిటికీ వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా అడిగాడు. “మన ఇంటెన్క కీచురాళ్లు అరుస్తయా?”

“అరవకేం? గా లొల్లి వడలేకనే గద రోజు కిటికి మూసేది.”

దవాఖానలో పరీక్ష చేసిన డాక్టర్ మెత్తగానే చెప్పింది. ఇన్నేళ్ల బాక్సుల మోతకు సన్న చప్పుళ్లు వినే శక్తి చచ్చిపోయింది, అది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవచ్చు అని. పర్శరాములు ఇంటికొచ్చి స్పీకర్ల మీద దుప్పటి కప్పాడు.

“అమ్మేస్తనే. చెవులు లేనోడు పాట కలుపుడేంది? మల్ల డీసీఎం ఎక్కుత.” అంటుండగానే ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

వందనకూ కళ్లు చెమర్చాయి. కానీ పక్కన కూర్చుని ఏడ్చే రకం కాదామె. మెడలో టేపు తీసి ఆయన ముందు పట్టుకుంది. “నా కొలత పెట్టి బాలవ్వకు జాకెట్ కుడితే, పడ్తదా?”

“ఎట్ల పడ్తది?”

“మరి నువ్వు చేసిందేంది? నీ చెవి కొలతకు పాట కుట్టి ఊరోళ్లందరికి తొడిగినవ్. గందుకే గుచ్చుకున్నది. టేపు చెప్తే ఇనకపోతివి, దాన్నే డూప్లికేట్ అంటివి.” మైకు వైపు చూపించింది. “కొలత గది చెప్తది. గుచ్చుతుందో లేదో నేను చెప్త. డప్పు, గొంతు, తాళం నీకు తెల్వయా? గవి నీకంటె మంచిగ ఎవ్వలకు తెల్సు?”

దుప్పటి తీయడానికి ఆయనకు ఇంకో రెండు రోజులు పట్టింది. తీశాక, చేత్తో పెంచుకున్నదంతా పీకేసి కొలత చెప్పిన గీతను ఉంచాడు. మళ్లీ గొంగడి కప్పినట్టే అయింది. పళ్లు బిగపట్టుకుని పనిలో పడ్డాడు. బాలవ్వ వచ్చి జాతర పాట పాడి వెళ్లింది. వందన మిషన్ మీద చేతులు పెట్టుకుని వింటూ, “ఈడ బిగుతైంది, జర వదులు చెయ్యి” అనేది. “గజ్జెలు పిగులుతున్నయ్” అనేది. ఆయన తెర మీద అక్కడికక్కడ తగ్గించేవాడు. ఒకసారి ఆమె చెప్పింది నమ్మక కసురుకున్నాడు. ఆమె తిరగబడి మిషన్ గడగడలాడించింది. డప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన ఎవరినీ అడగలేదు. అది ఛాతీలో మోగేదాకా ఒక్కడే కూర్చుని దిద్దాడు.

పాట వినడానికి బాలవ్వ వచ్చిన రోజు పర్శరాములు హెడ్‌ఫోన్ తుడిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుంది. ‘సామీ’ అన్న మాట వచ్చే చోట ఆయన ఆమె మొహమే చూశాడు. మొహంలో ముడత కదల్లేదు. పాట అయిపోయాక బోసి నవ్వు నవ్వింది.

“ఈల ఇనవడ్తుందా అవ్వా?”

“ఇనవడక ఏడికి పోతది? గని గిప్పుడు గది నా నోట్లెకెల్లి వస్తుంది. ఉండనియ్. నీకెట్లనిపిచ్చింది?”

పర్శరాములు తల దించుకున్నాడు. “నాకు గా ఈల ఇనవడదవ్వా. గప్పుడు గూడ ఇనవడలే. బాక్సుల కాడ నా చెవులు పోయినయ్. తెల్వక నీ పరువు తీసిన.”

బాలవ్వ హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది. ఆయన చెయ్యి లాక్కుని, అరచేతిని తన నోటి ముందు పట్టుకుని పాట ఎత్తుకుంది. ‘సామీ’ అన్నప్పుడల్లా పళ్ల సందులోంచి సన్నగా, చల్లగా గాలి వచ్చి చేతికి తగిలింది.

“తగిలిందా కొడుకా?”

“తగిలిందవ్వా.”

“గదే.”

ఆమె మళ్లీ అందుకుంది. చరణం అయిపోయేదాకా ఆయన చెయ్యి తీయలేదు, వందన మిషన్ తొక్కలేదు.